పట్టాలు లేని రైలుదారి

అమెరికా సంయుక్త రాష్ట్రాల నడిమి భాగంలో మిస్సోరి అనే రాష్ట్రం ఉంది. అదే పేరుగల పెద్ద నది ఆ రాష్ట్రం గుండా పడమటి నుండి తూర్పుకు పారి, సెయింట్ లూయిస్ నగరానికి కొంత ఎగువన మిసిసిపీ నదిలో కలుస్తుంది. ఆ నది ఉత్తరపు గట్టు వెంబడి ఒక సన్నని బాట సాగిపోతుంది. ఒక పక్క నీరు, పొలాలు. మరొక పక్క నిటారుగా లేచిన సున్నపురాతి కొండచరియలు. ఆ బాట మీద కార్లు, లారీలు తిరగవు. సైకిళ్ల మీద పోయేవారు, నడిచేవారు, చక్రాల కుర్చీలలో వచ్చేవారు, పసిపిల్లలను తోపుడుబండిలో కూర్చోబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు కనిపిస్తారు. కొన్ని భాగాలలో గుర్రపు స్వారీకి కూడా అనుమతి ఉంది. నదిని వదిలి పడమటి మైదానాలలోకి సాగే భాగాన్ని కూడా కలిపితే దాని పొడవు దాదాపు 240 మైళ్లు, అంటే 386 కిలోమీటర్లు. ఇంత పొడవైన దారిని నడక కోసం ఎవరూ వేయలేదు. అది ఒకప్పటి రైలుమార్గం.

ఆ రైలు కంపెనీ పేరు మిస్సోరి-కాన్సాస్-టెక్సాస్. పొడి అక్షరాలలో ఎం.కె.టి. జనం నోట మొదటి అక్షరం జారిపోయి 'కేటీ' మిగిలింది. ఆ దేశంలో కేటీ ఆడపిల్లలకు పెట్టే ముద్దుపేరు. రైలు పోయినా పేరు పోలేదు. ఇప్పుడు దానిని కేటీ బాట అంటారు. దారి పక్కన నాటిన మైలు గుర్తుల అంకెలు కూడా రైలు కాలం నాటి లెక్క ప్రకారమే ఉన్నాయి. అందుచేత తూర్పు కొసన, మాచెన్స్ అనే చోట, లెక్క ఒకటితో కాక 27తో మొదలవుతుంది. కొత్తగా వచ్చినవారు దీనిని చూసి తికమక పడడం మామూలే.

నది పక్కన ఈ రైలుమార్గాన్ని 1890ల నాటి దశకంలో వేశారు. రోష్‌పోర్ట్ అనే చిన్న ఊరి వద్ద కొండ నది దాకా చొచ్చుకొని వచ్చి దారికి అడ్డం నిలిచింది. కంపెనీవారు 1893లో అక్కడ 243 అడుగుల సొరంగం తొలిచారు. ఆ పరిసరాల చరియలపై ఆదివాసులు గీసిన బొమ్మలు ఉండేవి. 1804లో ఖండం పడమటి కొసను వెదుకుతూ ఇదే నది మీద పడవలలో పోయిన లూయిస్, క్లార్క్ అనే యాత్రికులు వాటిని చూసి తమ దినచర్యలో వ్రాసుకున్నారు. రైలుదారి కోసం కొండను పేల్చినప్పుడు ఆ బొమ్మలు చాలావరకు నాశనమయ్యాయి. ఈ దారిని పొగిడేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పుకోవడం న్యాయం.

రైలుదారి నడకకు, సైకిలుకు ఎందుకు అంత అనువైనది? బరువైన రైలుబండి నిటారైన ఎత్తును ఎక్కలేదు. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలకు పట్టు తక్కువ. అందువలన నూరు అడుగుల దూరంలో ఒకటి రెండు అడుగులకు మించి ఎత్తు పెరగకుండా ఇంజనీర్లు దారిని తీర్చుతారు. పల్లం వచ్చిన చోట మట్టికట్ట పోస్తారు, మిట్ట వచ్చిన చోట తవ్వుతారు, వాగు వచ్చిన చోట వంతెన కడతారు. మలుపులను కూడా చాలా దూరం నుండే మెల్లగా తిప్పుతారు. బండి కోసం పడిన ఈ పాట్లన్నీ తరువాత సైకిలు తొక్కే ముసలివారికి, చిన్నపిల్లలకు ఉపకరించాయి. కేటీ దారిలో పట్టాలు, స్లీపర్లు తీసివేసి, పైన మెత్తగా నలిపిన సున్నపురాయిని పరిచి అణచారు. వంతెనల మీద చెక్కలు వేసి పక్కన కటకటాలు కట్టారు. కొత్తగా కొండలు తవ్వే పని లేకపోయింది.

అయితే అసలు విలువ కట్టలోనూ లేదు, వంతెనలలోనూ లేదు. ఎక్కడా తెగకుండా వందల మైళ్లు సాగే ఒకే పేలిక నేల దొరకడంలో ఉంది. అటువంటి నేలను ఈ రోజులలో కొత్తగా సేకరించాలంటే వేలమంది రైతుల వద్దకు పోవాలి. ఒక్కరు కాదన్నా దారి తెగుతుంది.

ఆ దేశంలో 1916 ప్రాంతంలో రెండున్నర లక్షల మైళ్లకు మించి రైలుమార్గాలుండేవి. తరువాత పెద్ద రోడ్లు, లారీలు, కార్లు పెరిగాయి. రాబడి లేని దారులను కంపెనీలు ఒక్కొక్కటిగా మూసివేశాయి. పట్టాలు లేచిన చోట నేల ముక్కలైంది. ఒకచోట పొలంలో కలిసింది, ఒకచోట ఇల్లు లేచింది, మరొకచోట ముళ్లపొదలు కమ్మాయి. విస్కాన్సిన్ రాష్ట్రం మాత్రం మూతపడిన ఒక 32 మైళ్ల దారిని 1965లో కొని, 1967లో ఎల్రాయ్-స్పార్టా బాటగా తెరిచింది. మూడు సొరంగాలు గల ఆ బాట తరువాతివారికి ఒక నమూనా అయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రైలు కంపెనీలు తమ దారి నేలను అంతటా కొనలేదు. చాలాచోట్ల పొలం యజమాని నుండి దారిహక్కు మాత్రమే తీసుకున్నాయి. అంటే, రైలు నడిచినంత కాలం నేలను వాడుకోవచ్చు. రైలు మానితే హక్కు తీరిపోయి నేల మళ్లీ పొలానికి చేరుతుంది. కనుక కంపెనీ దారిని వదిలినట్లు ప్రకటించిన మరుక్షణం ఆ పొడవైన పేలిక వందల ముక్కలవుతుంది. ఈ నష్టాన్ని ఆపడానికి 1983లో ఆ దేశపు బాటల చట్టాన్ని సవరించారు. రాష్ట్రమో, ఒక సంస్థో దారి బాధ్యతను పూర్తిగా పైన వేసుకుంటే, దానిని బాటగా వాడుకోవచ్చు. కాని అది వదిలివేసిన దారి కాదు, ముందుముందు రైలు అవసరానికి నిల్వ ఉంచిన దారి అని చట్టం లెక్క. అవసరం వచ్చిననాడు బాట లేచి మళ్లీ పట్టాలు పడవచ్చు. అలా పడిన చోట్లు చాలా తక్కువ.

రైలుదారికి మళ్లీ అవసరం వస్తుందా అన్న సందేహం కలగవచ్చు. కాకినాడ-కోటిపల్లి రైలుమార్గం కథ యానాం ప్రాంతపు పెద్దలకు తెలిసినదే. 1928లో వేసిన ఆ దారి పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, ఊడదీసి తరలించారు. 2004లో మళ్లీ పట్టాలు వేసి బండి నడిపారు. నడుమ అరవై నాలుగేళ్లు గడిచాయి.

మిస్సోరిలో 1986 అక్టోబరులో నదికి పెద్ద వరద వచ్చి కేటీ మార్గాన్ని దెబ్బతీసింది. సెడాలియా పట్టణం నుండి మాచెన్స్ వరకు రైళ్లు నడపడం కంపెనీ మానుకుంది. ఆ రాష్ట్రంలోనే టెడ్ జోన్స్ అనే ధనికుడు ఉండేవాడు. ఆయన, భార్య పాట్ విస్కాన్సిన్ బాటను చూసి ముచ్చటపడ్డవారు. తమ రాష్ట్రానికి అటువంటిది కావాలని కోరి, నేల హక్కుల కొనుగోలుకు, బాట పనులకు కలిపి 22 లక్షల డాలర్లు ఇచ్చారు. తరువాత 1991లో, కేటీ కంపెనీని కలుపుకున్న యూనియన్ పసిఫిక్ రైల్వే, సెడాలియా నుండి పడమటికి మరో 33 మైళ్ల దారిని విరాళంగా ఇచ్చింది.

నది పక్క రైతులందరూ దీనికి సంతోషించలేదు. వారి మాటలో బలం ఉంది. తాతలు రైలు కోసమని మాత్రమే దారి ఇచ్చారు. రైలు పోయింది కనుక నేల తమదే కావాలి. ఇప్పుడు ముక్కూముఖం తెలియనివారు పొలం నడుమ నుండి పోతే చెత్త వేస్తారేమో, దొంగతనాలు జరుగుతాయేమో, కలుపు తీసేదెవరు, కంచెలు కాచేదెవరు అని వారు భయపడ్డారు. కొందరు న్యాయస్థానానికి ఎక్కారు. వెర్మాంట్ రాష్ట్రం నుండి వచ్చిన ఇటువంటి వ్యాజ్యంలోనే 1990లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: చట్టం చెల్లుతుంది, కాని నేల కోల్పోయామనుకునేవారు ప్రభుత్వం నుండి నష్టపరిహారం అడగవచ్చు. కేటీ బాట పక్క రైతుల దావాలో 2000లో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. బాట నిలిచింది, పరిహారం బాధ్యత ప్రభుత్వానిదైంది. ఊరికి మేలు జరిగే పనికి ఒక్కరి పొలం మూల్యం కాకూడదన్న రైతుల పట్టు సబబైనదే. పద్నాలుగేళ్లు తిరగవలసి రావడం మాత్రం సబబు కాదు.

1990 ఏప్రిల్‌లో రోష్‌పోర్ట్ వద్ద మొదటి భాగం తెరిచారు. మూడేళ్లు దాటాక, 1993 వేసవిలో, మహావరద వచ్చింది. అప్పటికి తయారైన బాటలో సగానికి పైగా దెబ్బతింది. నది పక్క దారికి ఇది తప్పని బెడద. పరిచిన రాతిపొడి కొట్టుకుపోయినా కట్ట చాలాచోట్ల నిలిచింది గనుక మళ్లీ పరిచి తెరవగలిగారు. 2019 వరదలకు కూడా కొన్ని భాగాలు మూయవలసి వచ్చింది. వరద తీసిన ప్రతిసారీ బురద ఎత్తడం, గండ్లు పూడ్చడం అక్కడి సిబ్బందికి అలవాటైన పని.

రైలు పోయాక కళ తప్పిన పల్లెలలో సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలు, భోజనశాలలు, రాత్రి బసకు గదులిచ్చే ఇళ్లు వెలిశాయి. సెడాలియాలో 1896 నాటి స్టేషనును బాగుచేసి నిలుపుకున్నారు.

బూన్‌విల్ పట్టణం వద్ద 1932లో నదిమీద కట్టిన ఉక్కు వంతెన కథ వేరు. పడవలు వచ్చినప్పుడు దాని నడిమి భాగం మొత్తంగా పైకి లేచేది. బాట మాత్రం ఆ వంతెన మీదుగా పోదు; పక్కనున్న రోడ్డు వంతెన మీద నదిని దాటుతుంది. ఎవరికీ పనికిరాని ఆ ఉక్కును విప్పి మరొకచోట వాడుకుంటామని రైల్వే కంపెనీ అన్నది. ఇనుప ముద్ద పోతే పోనిమ్మని అనిపించవచ్చు. కాని చట్టం ప్రకారం బాట అనేది మళ్లీ రైలు నడవగల దారి. నది మీద వంతెన పోతే దారి తెగినట్లే. తెగితే వదిలివేసినట్లని ఎవరైనా వాదించవచ్చు. అప్పుడు 240 మైళ్లకూ ముప్పు. ఈ కారణం చూపి రాష్ట్ర ప్రధాన న్యాయవాది కోర్టుకు వెళ్లారు. ఊరివారు చందాలు వేసుకొని వంతెన కోసం పోరాడారు. చివరకు 2010లో కంపెనీ తన ఆలోచన విరమించి వంతెనను పట్టణానికి ఇవ్వడానికి ఒప్పుకుంది. 2016లో దక్షిణపు కొసన నడకదారి వేసి జనానికి తెరిచారు. అక్కడి నుండి ముందుకు చూస్తే, నది నడుమ పైకి లేచే ఆ ఉక్కు భాగం కనిపిస్తుంది.

పదాలు - అర్థాలు
పేలిక : సన్నని పొడవైన ముక్క
వ్యాజ్యం : కోర్టు తగాదా
మూల్యం : వెల
బెడద : తప్పించుకోలేని బాధ

అభ్యాసం
1. రైలుదారిని ఎత్తుపల్లాలు లేకుండా ఎందుకు తీర్చుతారు?
2. కొనుగోలుకు, దారిహక్కుకు భేదమేమి?
3. బూన్‌విల్ వంతెన మీదుగా బాట పోకపోయినా దానిని విప్పరాదని ఎందుకు వాదించారు?
4. రైతుల పక్షాన ఒకరు, బాట పక్షాన ఒకరు నిలిచి తరగతిలో వాదించండి.
5. మీ ప్రాంతంలో మూతపడిన రైలుమార్గమో, కాలువగట్టు దారో ఉంటే, ఆ నేల ఇప్పుడు ఎలా ఉన్నదో పెద్దలను అడిగి పది వాక్యాలు వ్రాయండి.