స్లోలో నిలబడని పాత బండి: స్క్రూ తిప్పే ముందు చూడాల్సినవి

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర ట్రాఫిక్ ఆగుతుంది. మీరు క్లచ్ పట్టి రేస్ వదులుతారు. బండి రెండుసార్లు దగ్గి, ఒళ్ళంతా వణికి, ఆగిపోతుంది. వెనక లారీవాడి హారన్. కిక్ కొట్టి మళ్ళీ స్టార్ట్ చేసి, ఈసారి రేస్ వదలకుండా పట్టుకుని నిలబడతారు. పాత బండి నడిపే వాళ్ళందరికీ ఈ అవస్థ తెలిసిందే.

ఇంటికెళ్ళాక మనలో చాలామంది చేసే పని ఒకటే. స్క్రూడ్రైవర్ తీసి కార్బొరేటర్ పక్కనున్న ఐడ్లింగ్ స్క్రూని ఒక చుట్టు బిగించేస్తాం. బండి ఆగడం మానేస్తుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది, జ్వరం మాత్రతో ఒళ్ళు చల్లబడినట్టు. పైగా పెట్రోలు తాగడం పెరుగుతుంది, మొదటి గేరు వేస్తే ఠక్కుమని కుదుపుతుంది. అసలు కారణం దొరికేదాకా ఆ స్క్రూ మీద చెయ్యి వెయ్యకండి. అన్నీ అయ్యాక ముట్టుకోవాల్సింది అది.

నా మనసులో ఉన్న బండి 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్, 97.2 సీసీ. మా కొండపల్లి వీధుల్లో ఇప్పటికీ కనిపించేవి అవే. సీడీ 100, బాక్సర్ లాంటి కార్బొరేటర్ బళ్ళకీ ఇదే వరస పనికొస్తుంది. ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ కాబట్టి దానికి టాపెట్ల మాట ఉండదు, మిగతావి దాదాపు అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక అమ్మిన బళ్ళలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. వాటి సంగతి వేరు.

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. పని ఆరుబయట చెయ్యండి. తలుపేసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి ఉంచితే ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, మనిషిని చంపేస్తుంది. పెట్రోలు దింపేటప్పుడు చుట్టుపక్కల బీడీ, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు, ఇంజన్ చల్లారి ఉండాలి.

ముందు వినండి

స్పానర్ తీయకముందే బండి చాలా చెబుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే ఆగుతోందా, వేడెక్కాక ఆగుతోందా? ఎప్పుడూ వణుకుతోందా, ఉండుండి మిస్సింగ్ కొడుతోందా? ఒక కాగితం మీద రాసుకోండి.

తర్వాత చోక్ పరీక్ష. దీనికి ఒక్క నిమిషం చాలు, మిగతా పనిలో సగం ఇదే తగ్గిస్తుంది. ఇంజన్ వేడిగా, స్లోలో వణుకుతూ ఉన్నప్పుడు చోక్ సగం లాగండి. ఇంజన్‌లోకి వెళ్ళే గాలీ పెట్రోలూ మజ్జిగ లాంటివి. నీళ్ళు ఎక్కువైతే పలచన, తక్కువైతే చిక్కన. ఇక్కడ నీళ్ళ చోట గాలి అనుకోండి. చోక్ గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. అది లాగగానే బండి కుదుటపడితే ఇప్పటిదాకా పలచగా నడుస్తోందని అర్థం. ఎక్కడో దొంగగాలి దూరుతోంది, లేదా స్లో జెట్ పూడుకుపోయింది. లాగగానే ఇంకా గొణిగి ఆగిపోతే ముందే చిక్కగా ఉందన్నమాట. అప్పుడు ఎయిర్ ఫిల్టర్‌ని, సరిగ్గా మూసుకోని ఫ్లోట్ సూదిని అనుమానించండి. ఏ తేడా లేకపోతే ప్లగ్ దగ్గరికి వెళ్ళండి.

బండి ఆన్‌లో ఉండగానే హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడండి. ఒకవైపు తిప్పగానే రేస్ దానంతటదే పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుందని, లేదా వంకరగా పోయిందని అర్థం. దాన్ని సరిచేయకుండా మిగతావి ఎన్ని చూసినా ఐడ్లింగ్ నిలకడగా రాదు. గ్రిప్ తిప్పడం మొదలెట్టగానే కొద్దిగా వదులు తెలియాలి.

ఎయిర్ ఫిల్టర్

మా ఊళ్ళో ముందుగా విప్పాల్సింది ఇదే. బూడిద లారీలు తిరిగే రోడ్డు, క్వారీ దుమ్ము, వేసవిలో కృష్ణ ఒడ్డు ఇసుక, అన్నీ వచ్చి చేరేది ఇక్కడే.

బొమ్మల కాలనీలో ఒక బాబాయి బండి చూశాను. ఆయన రోజంతా తెల్లపొణికి కర్ర చెక్కి, ఆకురాయితో నున్నగా రుద్దుతాడు. బండి పెట్టేది కూడా ఆ వసారాలోనే. “రెండు నెలల్నుంచి స్లోలో నిలబడట్లేదురా, పొగ కూడా నల్లగా వస్తోంది. ప్లగ్ మార్చినా అంతే” అన్నాడు. చోక్ లాగి చూస్తే వెంటనే ఆగిపోయింది. సైడ్ కవర్ తీసి ఫిల్టర్ బయటికి లాగితే, స్పాంజి కనబడనంతగా లేత గోధుమ రంగు పొట్టు అతుక్కుపోయి ఉంది. వేలితో గీస్తే గోరంత మందాన పెచ్చులా ఊడొచ్చింది. పొణికి తేలికైన కర్ర. దాని పొట్టు గాలిలో తేలుతూ ఎంత దూరమైనా పోతుంది. ఫిల్టర్ మీది నూనెకి తగలగానే ముద్దకడుతుంది. ఆ ముద్దని బాబాయి చేతిలోకి తీసుకుని నలిపి, “మన మక్కులాగే ఉందే” అన్నాడు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి బొమ్మల అతుకుల మీద పెట్టే మక్కు ఆయన రోజూ చేతులారా చేసేదే. ఆ పోలిక నాకు బాగా నచ్చింది. అతుకుని మూసేసినట్టే గాలిదారినీ మూసేసింది. ఫిల్టర్ కడిగి ఆరబెట్టి పెట్టాక ఆ సాయంత్రమే బండి కుదుటపడింది. ఇప్పుడు దాన్ని వేపచెట్టు కింద పెడుతున్నాడు.

స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లోగాని సబ్బునీళ్ళలోగాని పిసికి కడగండి. పెట్రోలు వాడొద్దు, నిప్పు ప్రమాదం. బట్ట పిండినట్టు మెలిపెడితే చిరుగుతుంది, అరచేతుల మధ్య పెట్టి నొక్కండి. నీడన పూర్తిగా ఆరాక నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసేయండి. కాగితం ఫిల్టర్‌ని మాత్రం కడగకూడదు. తట్టి దులపండి, నల్లబడితే కొత్తది వేయండి. ఫిల్టర్ తీసేసి బండి నడపడం అస్సలొద్దు. ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌ని గీస్తుంది.

ప్లగ్

ప్లగ్ విప్పే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో దులిపి ఊదండి, లేకపోతే విప్పగానే ఆ ఇసుక లోపల పడుతుంది. క్యాప్ లాగి, ప్లగ్ స్పానర్‌తో విప్పి, మొన రంగు చూడండి. ఇటుక పొడి, లేత కాఫీ రంగుల్లో ఉంటే బాగుంది. పొడిగా నల్లని మసి పట్టి ఉంటే మిశ్రమం చిక్కన. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే పలచన. నల్లగా, జిడ్డుగా తడిసి ఉంటే ఇంజన్ ఆయిల్ పైకి వస్తోందని అర్థం. అది మన చేతిలో పని కాదు.

మొన దగ్గరి గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ విజయవాడ ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్టుల దుకాణంలోనైనా దొరుకుతుంది. మళ్ళీ బిగించేటప్పుడు మొదటి నాలుగు చుట్లూ వేళ్ళతోనే తిప్పాలి, స్పానర్ తర్వాతే. అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఒక పూట పని వారం పని అవుతుంది. క్యాప్ వదులుగా ఉందేమో, వైరు పగిలిందేమో కూడా చూడండి. వర్షాకాలంలో మాత్రమే మిస్సింగ్ కొట్టే బళ్ళలో చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

దొంగగాలి

కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే అతుకు, దాని రబ్బరు రింగు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి బీటలు వారతాయి. బెజవాడ ఎండలు చెప్పక్కర్లేదు. పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకులన్నిటికీ వచ్చేసింది. పాత బళ్ళ రబ్బర్లని దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు.

ముందు ఆ అతుకు బోల్టులు వదులయ్యాయేమో చూసి సమంగా బిగించండి. తర్వాత ఇంజన్ స్లోలో ఉండగా చిన్న బ్రష్‌తో సబ్బునీళ్ళు అతుకు చుట్టూ పూయండి. ఎక్కడో ఒకచోట నీళ్ళు తగలగానే చప్పుడు మారితే గాలి దూరేది అక్కడే. సైలెన్సర్ పైపు మీద నీళ్ళు పడనివ్వొద్దు. రబ్బరు రింగు చవకే, మార్చేయండి. పైన ఎమ్‌సీల్ రాసి సరిపెట్టొద్దు.

కార్బొరేటర్

ఇప్పటికీ నిలబడకపోతే పెట్రోలు ట్యాప్ ఆపి, కార్బొరేటర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారే పెట్రోలుని గాజు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా ఉంచి వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున ముత్యాల్లా బుడగలు నిలిస్తే అవి నీళ్ళు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వేల బళ్ళు మునిగాయి. అలా మునిగిన బండి అయితే ట్యాంకు కూడా పూర్తిగా దింపి కడగాల్సిందే. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలోనూ ఇదే కనబడుతుంది.

నీళ్ళు లేకపోయినా, చోక్ పరీక్షలో పలచన అని తేలితే స్లో జెట్ చూడాలి. ఇది మొదటిసారి చేసేవాళ్ళు ఒక పాత తెల్ల పంచె పరిచి దాని మీద పని చేయండి, విప్పే ప్రతి ముక్కకీ ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. అడుగు గిన్నె విప్పగానే ఫ్లోట్ కనిపిస్తుంది. మధ్యలో లావుగా ఉన్న ఇత్తడి ముక్క మెయిన్ జెట్. పక్కనే లోతులో, సన్నగా ఉన్నది స్లో జెట్. బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోలంతా ఆ సూదిబెజ్జం గుండానే రావాలి. అందుకే రోడ్డు మీద గుర్రంలా పరుగెత్తే బండి సిగ్నల్ దగ్గర చచ్చిపోతుంది. జెట్ విప్పి ఆకాశం వైపు పెట్టి కంటితో చూడండి. గుండ్రంగా ఒక వెలుగు చుక్క కనబడాలి. కనబడకపోయినా, వంకరగా కనబడినా పూడింది. పిన్నీసు, తీగ పెట్టి పొడవొద్దు. ఇత్తడి మెత్తన, బెజ్జం పెద్దదైతే మిశ్రమం ఎప్పటికీ కుదరదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి నాననిచ్చి, పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. కొన్ని కార్బొరేటర్లలో స్లో జెట్ ఊడిరాదు. అప్పుడు గిన్నె వైపు నుంచి క్లీనర్, గాలి మాత్రమే.

చిక్కన అని తేలిన బండికి ఫ్లోట్ సూది మొన చూడండి. గీత పడి ఉంటే అది మూసుకోదు, పెట్రోలు పొంగుతూనే ఉంటుంది. సూది మార్చాలి.

ఇప్పుడు స్క్రూలు

బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించి వచ్చి, ఆపండి. కార్బొరేటర్‌కి రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగుతో, చేతికి సులువుగా అందేది ఐడ్లింగ్ స్క్రూ. సన్నగా లోపలికి ఉండేది మిక్చర్ స్క్రూ. రెండోది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిది, బిగిస్తే చిక్కబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుది, బిగిస్తే పలచబడుతుంది.

మిక్చర్ స్క్రూని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. అడుగు తగలగానే ఆపాలి, బిగిస్తే దాని మొన పాడవుతుంది. అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఇప్పుడు పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినండి. ఇంజన్ వేగంగా, నున్నగా తిరిగే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ వదిలేసి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించుకోండి. స్ప్లెండర్‌కి నిమిషానికి 1400 చుట్ల చుట్టుపక్కల ఉండాలి. మీటరు లేకపోయినా ఫరవాలేదు. ఒకసారి రేస్ ఇచ్చి వదిలితే వేగం దిగివచ్చి, తడబడకుండా నిలిచి, గేరు వేస్తే కుదపకపోతే చాలు.

చివరి పరీక్షకి మాకు ఖిల్లా ఘాట్ రోడ్డు ఉంది. పైకి ఎక్కించి, ఇంజన్ బాగా కాగాక ఆపకుండా పక్కన నిలబెట్టండి. ఐదు నిమిషాలు నిలిస్తే పని అయినట్టే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అక్కడ కాగాక ఆగిపోతే టాపెట్లు బిగుసుకుని ఉండొచ్చు. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. ఇగ్నిషన్ కాయిల్ కూడా వేడికి ఇలాగే చేస్తుంది. టాపెట్లని చల్లారిన ఇంజన్ మీద, ఫీలర్ గేజ్‌తో, మాన్యువల్‌లో ఉన్న కొలతకి పెట్టాలి. అలవాటు లేకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. మీరు రాసుకున్న కాగితం ఆయన చేతికివ్వండి: ఫిల్టర్ కడిగాను, ప్లగ్ గ్యాప్ చూశాను, స్లో జెట్ శుభ్రం చేశాను, వేడెక్కాకే ఆగుతోంది. ఆయన నేరుగా టాపెట్ మూతలే విప్పుతాడు.