తెలుఁగు పండితుఁడు కాఁగోరు విద్యార్థికి

ఉన్నత పాఠశాలలో తెలుఁగు పండితుఁడు కాఁగోరు విద్యార్థి పరవస్తు చిన్నయసూరి గ్రంథముల క్రమమును గమనింపవలయును. మదరాసునఁ దెలుఁగు బోధించిన యీ పండితుఁడు 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ప్రకటించెను. మొదట కథ, పిదప సూత్రము.

బోధకుఁడును ముందు పాఠమునం దభిరుచి పుట్టించి, పిమ్మట సంధిసమాసములను దెలుపవలెను. ఉత్వసంధి సూత్రమును వల్లించియు ‘రాముఁడతఁడు’ అను పదమును విడఁదీయలేని బాలుఁడు పరీక్ష ముగిసిన నాఁడే పుస్తకమును మూయును. మరల దానిని దెఱవఁడేని మాతృభాష వానికి దూరమైనట్లే గదా!

నేఁడు పట్టభద్రత, బోధనశిక్షణము, అర్హతాపరీక్ష యను మూఁడును ఉద్యోగమునకు ద్వారములు. అవి దాఁటిన పిదపను పిల్లల మనస్సు నాకర్షించుట మిగిలియే యుండును. కావున నిప్పటినుండియే దినమున కొక పద్యమును పదవిభాగము చేసి, భావమును మీ తమ్మునకుఁ జెప్పి చూడుఁడు. వాఁడు ‘మఱియొకటి’ యని యడిగినచో మీ చదువు సార్థకము.