రెండు తూకాల మధ్య

అమ్మడూ,

కుస్తీలో 55 కిలోల్లో గెలిచి ఏం లాభం, ఒలింపిక్స్‌లో ఆ తూకమే లేదుగా అని మీ నాన్నతో అన్నావట. నిజమే. అక్కడున్నవి 50, 53, 57, 62, 68, 76. నీ 55 ప్రపంచ పోటీల వరకే. కోచ్ సారు 53కి దిగమన్నారనీ, నువ్వు రాత్రిపూట అన్నం మానేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా రోజుల్లో తాలీంలో తూకం సంగతి అడిగినవాడే లేడు. ఎవడు దిగితే వాడితోనే పట్టు. అయినా నాకు తెలిసినంత చెబుతాను, విను.

జపాన్ మల్లయోధురాళ్లు సావోరి యోషిదా, కావోరి ఇచో నీకు కంఠతా వచ్చు. హితోమి ఒబారా గురించి ఎప్పుడైనా చదివావా? పెళ్లికి ముందు సకమోతో. ఇచో అక్కచెల్లెళ్ల ఊరు హచినోహెయే ఈమెదీ. 51 కిలోల్లో ఆరుసార్లు ప్రపంచ విజేత: 2000, 2001, మళ్లీ 2005 నుంచి 2008 దాకా వరసగా. ఆడవాళ్ల కుస్తీ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు పెట్టింది నాలుగే తూకాలు: 48, 55, 63, 72. ఆమె 51 అందులో లేదు. పైకెక్కితే 55లో యోషిదా. కిందికి దిగితే 48లో ఇచో అక్క చిహారు, ఏథెన్స్‌లోనూ బీజింగ్‌లోనూ రజతం తెచ్చిన మనిషి. నన్నడిగితే, ఇంకే దేశంలో పుట్టినా ఈమె అప్పుడే ఒలింపిక్స్‌కి వెళ్లేది.

ఒక దశలో ఆట మానేసింది కూడా. తిరిగొచ్చి 48లో దిగింది. 2010లో, 2011లో ఆ తూకంలోనే ప్రపంచ పోటీలు గెలిచింది. ఆ తర్వాతే లండన్. 2012 ఫైనల్లో అజర్‌బైజాన్ అమ్మాయి మరియా స్టాడ్నిక్‌కి మొదటి పీరియడ్ వదిలేసి, తర్వాతి రెండూ గెలిచి స్వర్ణం పట్టింది. అప్పటికి వయసు 31. నువ్వు ఆ పతకం కన్నా ముందరి రెండేళ్లు చూడు. ఆ తూకంలో ఒళ్లు కుదిరాకే పెద్ద పోటీకి వెళ్లింది. నువ్వేమో వచ్చే ట్రయల్స్‌కి వారం ముందు ఎండిపోదామనుకుంటున్నావు.

పారిస్ ఒలింపిక్స్‌లో మన వినేశ్ ఫోగట్ సంగతి నువ్వే ఏడుస్తూ చెప్పావు నాకు. విదేశీయుల చేతిలో అంతవరకూ ఓటమెరగని జపాన్ అమ్మాయి సుసాకిని మొదటి రోజు ఓడించింది, మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువని తప్పించేశారు. లోకమంతా ఆ వంద గ్రాముల గురించే మాట్లాడింది. నాకు మాత్రం కనిపించింది మూడు కిలోలు. ఆమె 53 మనిషి. ఆ చోటు మన ఇంకో అమ్మాయి అంతిమ్‌ది అయిపోతే 50కి దిగాల్సొచ్చింది. ఇప్పుడు పోటీ జరిగే రెండు రోజులూ పొద్దున్నే తూస్తారు. ఒక్కరోజు ఎండి గట్టెక్కే వీల్లేదు.

నీకింకా పదిహేడు, ఎముక పెరిగే వయసు. నా ఓటు 57కి. అక్కడ నీకంటే బలమైనవాళ్లుంటారు, ఏడాదో రెండేళ్లో చిత్తవుతావు, అది ఒప్పుకోవాలి. పారిస్‌లో 57 కిలోల స్వర్ణం గెలిచిన త్సుగుమి సకురాయ్, 2021లో ప్రపంచ విజేత అయింది ఏ తూకంలో అనుకున్నావు? నీ 55లోనే. తర్వాత 2022లో, 2023లో 57లో గెలిచింది.

కోచ్ సారుతో నువ్వే మాట్లాడు. ఎదురు చెప్పినట్టు కాకుండా, నెల రోజులు పొద్దున్నే చూసుకున్న బరువులు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. అప్పటికీ దిగమంటే నేనొచ్చి మాట్లాడతాను. ఈలోపు రాత్రి భోజనం మానకు.

ఆశీస్సులతో
మీ పెదనాన్న