కదలలేని పైరు – కాచుకొనే తీరు

ఖరీఫ్, రబీ అనే రెండు మాటలు అరబ్బీ భాష నుండి వచ్చినవి. మొదటిదానికి శరత్తు అనీ, రెండవదానికి వసంతం అనీ అర్థం. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికీ, తెలుగు చదివే విద్యార్థికీ ఇవి సమానంగా తెలిసిన మాటలే. తెలంగాణలో ఆబి, తాబి అన్నా, వానాకాలం, యాసంగి అన్నా, గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా అన్నా అవి పంటకాలానికి పేర్లే. ఆ కాలం ముగిసేనాటికి ధాన్యం ఇంటికి చేరితేనే రైతు బాకీ తీరుతుంది, పిల్లల చదువు సాగుతుంది, ఇంట పెండ్లి జరుగుతుంది. కాబట్టి పొలంలో నిలిచిన పైరు తన కష్టాలను ఎట్లా ఎదుర్కొంటున్నదో తెలుసుకోవడం కేవలం వృక్షశాస్త్ర విద్యార్థుల పని మాత్రమే కాదు.

ఎండ తీవ్రమైతే పశువు చెట్టు నీడకు పోతుంది. శత్రువు కనిపిస్తే పక్షి ఎగిరిపోతుంది. పైరు మాత్రం నాటిన చోటనే నిలిచి అన్నిటినీ భరించవలసి ఉన్నది. అందుచేత అది నిస్సహాయమైనదని మనం అనుకొంటాము. కాని కదలలేని జీవికి ప్రకృతి వేరొక విద్యను నేర్పింది. ఆ విద్య ఎటువంటిది, దానికి పైరు చెల్లించే మూల్యమెంత, మన సేద్యం దానికి తోడ్పడుతున్నదా, అడ్డుపడుతున్నదా అనే విషయాలను వరి పైరును ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాము.

నీటి ఎద్దడి, ముంపు

ఆకు మీద కంటికి కనిపించని పత్రరంధ్రాలు అసంఖ్యాకంగా ఉంటాయి. పైరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొనేది వీటి ద్వారానే. నీటిని ఆవిరిగా కోల్పోయేది కూడా వీటి ద్వారానే. నేల ఎండినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాని ప్రభావం చేత రంధ్రానికి ఇరువైపులా ఉండే రక్షక కణాలు పొటాషియంను, నీటిని వదలి ముడుచుకొంటాయి; రంధ్రం మూసుకొంటుంది. వరి ఆకు కూడా చుట్టుకొని ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గించుకొంటుంది. నీరు మిగులుతుంది, కాని గాలి లోపలికి రాదు కాబట్టి ఆహారం తయారీ కుంటుపడుతుంది. అంటే మొక్క ఆకలిని ఓర్చుకొని దాహాన్ని తప్పించుకొంటున్నదన్న మాట.

ఈ ఓర్పుకు ఒక హద్దు ఉన్నది. పొట్ట దశలోను, పూత దశలోను బెట్ట తగిలితే వెన్ను సరిగా బయటికి రాదు, తాలు గింజలు ఎక్కువవుతాయి. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే పుప్పొడి సరిగా రాలక గింజ కట్టదు. పిలకల దశలో వారం రోజుల బెట్టను ఓర్చుకొని కోలుకొన్న పైరే పూతలో అంతకంటె తక్కువ బెట్టకు నష్టపోవచ్చు.

ముంపులో కష్టం వేరు. సాధారణ వరి నీట మునిగినప్పుడు దానిలో ఎథిలీన్ అనే వాయువు పోగుపడుతుంది. దాని ప్రేరణతో మొక్క నీటిపైకి తల ఎత్తవలెనని వేగంగా పొడుగు సాగుతుంది. ఆ తొందరలో నిలువ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసుకొని, నీరు తీసిన తరువాత నిలబడే శక్తి లేక వాలిపోతుంది. ఒడిశాలోని దేశవాళీ వరి నుండి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకం దీనికి భిన్నంగా ప్రవర్తిస్తుంది. అది ఎదుగుదలను ఆపి, ఉన్న ఆహారాన్ని పొదుపు చేసుకొని, నీరు తగ్గే వరకు వేచి ఉంటుంది. దీనికి కారణమైన సబ్-1ఎ జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించారు. మారుటేరు పరిశోధన కేంద్రం నుండి వచ్చిన స్వర్ణ రకంలోనికి ఆ గుణాన్ని సంకరణం ద్వారా తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1గా విడుదల చేశారు. రెండు వారాల వరకు పూర్తిగా మునిగినా ఇది బ్రతికి మళ్లీ చిగురించగలదు. ఆపదలో తొందర కంటె నిదానమే మేలని ఒక పాత దేశవాళీ వరి ఈ విధంగా మనకు చూపినది.

తెగులు

అగ్గితెగులు కలిగించే శిలీంధ్రం చాలా చిన్నది. దాని సిద్ధబీజం ఆకుపై మొలకెత్తి, బుడగ వంటి అవయవాన్ని ఏర్పరచి, దానిలో గొప్ప పీడనాన్ని కూడగట్టుకొని, మేకు దిగగొట్టినట్లు ఆకు పొరను ఛేదిస్తుంది. తరువాత ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు కనిపిస్తాయి. మెడవిరుపుగా మారితే వెన్ను మొత్తం తెల్లబోతుంది.

దీనికి ప్రతిగా వరికి మొదటి కోట గోడ ఆకు పైపొరలో చేరిన సిలికా. ఆ గోడ దాటి శత్రువు లోపలికి వస్తే నిరోధక రకాలలో ఆశ్చర్యకరమైన సంఘటన జరుగుతుంది. తెగులు సోకిన చోటి కణాలు తమంత తాము చనిపోతాయి. తినడానికి సజీవ కణం దొరకక శిలీంధ్రం అక్కడే ఆగిపోతుంది. కొన్ని కణాల త్యాగంతో మొక్క దక్కుతుంది. అయితే శత్రువును గుర్తించడం ఎట్లా? అమెరికాలో హెచ్. హెచ్. ఫ్లోర్ అనే శాస్త్రజ్ఞుడు 1940 దశకంలో అవిసె పైరుకు వచ్చే తుప్పు తెగులును పరిశీలించి, మొక్కలోని ఒక్కొక్క నిరోధక జన్యువుకు తెగులు క్రిమిలో ఒక్కొక్క జన్యువు ప్రతిగా ఉంటుందని నిరూపించాడు. తాళానికి తాళపుచెవి వంటిది ఈ సంబంధం. తెగులు క్రిమి తన రూపాన్ని కొద్దిగా మార్చుకొంటే చాలు, మొక్క దానిని గుర్తించలేదు.

అందువలననే ఒక్క జన్యువుపై ఆధారపడటం ప్రమాదకరమని శాస్త్రజ్ఞులు గ్రహించారు. బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నానికి ఎంత రుచియో, బాక్టీరియా ఎండాకు తెగులుకు అంత లోకువ. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలక కార్యాలయం కలిసి దానిలో మూడు నిరోధక జన్యువులను చేర్చగా, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైనది. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాకు చెందిన అడవి వరి నుండి వచ్చినది. మరొకదాని పని ఇంకా విచిత్రమైనది. ఈ బాక్టీరియా మామూలు వరిలోని ఒక జన్యువును మేల్కొలిపి, మొక్క చేతనే తనకు చక్కెర వడ్డింపించుకొంటుంది. నిరోధక రకంలో ఆ జన్యువు బాక్టీరియా పిలుపునకు పలుకదు.

పురుగు

సుడిదోమ వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పొలంలో పైరు సుడులు సుడులుగా ఎండిపోవడం వలననే దానికి ఆ పేరు వచ్చినది. కొన్ని నిరోధక రకాలు, పురుగు ముక్కు గుచ్చిన చోట రసనాళాన్ని క్యాలోస్ అనే పదార్థంతో బిరడా వేసినట్లు మూసివేస్తాయి. అంతేకాదు, దోమ పీడించిన వరి ప్రత్యేకమైన వాసనలను గాలిలోనికి వదులుతుంది. దోమ గ్రుడ్లను నాశనం చేసే అతి చిన్న పరాన్నజీవి కందిరీగలు ఆ వాసన వెంట వచ్చి చేరుతాయి. సాలెపురుగులు, మిరిడ్ నల్లులు కూడా పైరుకు కాపలాదారులే.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐ.ఆర్. 26 అనే సుడిదోమ నిరోధక రకాన్ని విడుదల చేసింది. కొన్ని సంవత్సరాలు గడవకముందే దానిని తినగల దోమలు వృద్ధి చెందాయి. మరొక వైపు విచక్షణ లేకుండా చల్లిన మందుల వలన దోమకంటె ముందు దాని శత్రువులే నశించి, దోమ మునుపటికంటె అధికమైనది. ఈ అనుభవంతోనే ఇండొనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది.

రక్షణకు మూల్యం

మొక్కకు రాబడి ఒక్కటే. అది ఆకు తయారు చేసే ఆహారం. ఎదుగుదలకు, గింజకు, రక్షణకు అన్నిటికీ ఆ రాబడి నుండే పంచవలెను. అందుచేత ఒక కష్టంలో ఉన్న పైరు రెండవ కష్టానికి సులభంగా లొంగుతుంది. బెట్టకు గురైన వరికి అగ్గితెగులు ఎక్కువగా రావడం దీనికి నిదర్శనం. నత్రజని మితిమీరితే పైరు ముదురాకుపచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆకు మెత్తబడి అగ్గితెగులుకు, రసం పుష్టియై సుడిదోమకు విందు అవుతుంది. యూరియా బస్తా కొన్న డబ్బుకు తోడు మందు డబ్బా డబ్బు కూడా అప్పుగా మారే మార్గం ఇదే. రైతు తన పైరుకు మేలు చేస్తున్నాననుకొంటూనే దాని ఆయుధాన్ని మొద్దుబరుస్తున్నాడు.

దీనికి విరుగుడు ఖర్చుతో కూడినది కాదు. నత్రజనిని ఒకేసారి కాక దఫాలుగా వేయడం, నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, సుడిదోమ కనిపించినప్పుడు నీరు తీసి పొలాన్ని ఆరబెట్టడం, దుబ్బు మొదట్లో దోమలతో పాటు సాలెపురుగులను కూడా లెక్కపెట్టిన తరువాతనే మందు సంగతి ఆలోచించడం – ఇవన్నీ పైరుకు ఉన్న స్వశక్తిని కాపాడే పనులే.

పైరులోని నిరోధకశక్తి ఒకసారి సంపాదించి దాచుకొనే ఆస్తి కాదని పై విషయాలవలన తేలుతున్నది. శత్రువు మారుతూ ఉంటుంది. పైరు కూడా మారవలసి ఉంటుంది. ఆ మార్పుకు కావలసిన ముడిసరుకు ఒడిశా దేశవాళీ వరిలోనో, ఆఫ్రికా అడవి వరిలోనో దొరికినట్లే, రేపు మన జిల్లాలో ఎవరో ఒక ముసలి రైతు గాదెలోని గుప్పెడు విత్తనంలో దొరకవచ్చు. దిగుబడి తక్కువని ఆ విత్తనాన్ని పారవేస్తే, దానిని ఏ ప్రయోగశాలా తిరిగి సృష్టించలేదు. మన విద్యార్థులలో అనేకులు సేద్యపు ఇండ్ల నుండి వచ్చినవారు. సెలవులలో ఊరికి పోయినప్పుడు పెద్దల నోట పాత వరి రకాల పేర్లను, వాటి గుణాలను, ఏ బెట్టకు ఏది నిలిచినదో అడిగి వ్రాసుకొని, మిగిలి ఉన్న విత్తనాన్ని దగ్గరలోని పరిశోధన కేంద్రానికి చేర్చగలిగితే, అది వారు చదివిన చదువుకు తగిన పని అవుతుంది.