జామాయిల్ తోటా అడవీ పైనుంచి ఒకటేనా?

సారపాక కాగితం మిల్లు చుట్టుపక్కల రైతులు వేసే జామాయిల్, సుబాబుల్ తోటలు ఉపగ్రహ చిత్రంలో పచ్చగానే ఉంటాయి. అడవుల లెక్క తీసే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో పది శాతమైనా చెట్ల గొడుగు ఉంటే తోటను సైతం అటవీ విస్తీర్ణంలోనే కలుపుతుంది. అదే మూడొందల అడుగుల ఎత్తు నుంచి డ్రోన్‌తో తీసి చూడండి. ఒకపక్క తాడు పట్టి నాటినట్టు వరసలు, మరోపక్క టేకు, ఇప్ప, తునికి కలగలిసిన అడవి. ఆ తేడా పట్టుకుని, ఫొటో కింద నాలుగు నిఖార్సైన వాక్యాలు రాయగలిగితే పర్యావరణ ఏరియల్ ఫొటోగ్రఫీలో మీకు చోటుంది.

ఈ రంగంలో అందరూ చెప్పే పేరు ఫ్రాన్స్‌కు చెందిన యాన్ ఆర్తుస్ బెర్త్రాన్. 1970ల్లో సింహాలను పరిశీలించడానికి కెన్యా వెళ్లి, పొట్ట గడవడానికి టూరిస్టులను వేడిగాలి బెలూన్‌లో తిప్పారు. భూమి పైనుంచి ఎలా కనిపిస్తుందో అక్కడే అలవాటైంది. 1999లో ఆయన ఏరియల్ ఫొటోల పుస్తకం వచ్చింది, 2009 జూన్ 5న 'హోమ్' సినిమా విడుదలైంది. ఆ ఫొటోల పక్కన అక్కడి నీళ్లు, నేల, జనం గురించిన వివరం ఉంటుంది. అందమైన ఫొటోతో ఆగిపోయి ఉంటే అవి క్యాలెండర్లకెక్కేవి, అంతే.

సారపాక ఉన్న బూర్గంపాడు మండలం వాళ్లకు ఇక్కడే మొగ్గుంది. డ్రోన్ నడపడం వారంలో వస్తుంది. గోదావరి పోటెత్తితే కిన్నెరసాని నీళ్లు ఎటు ఎగదన్నుతాయో, ఏ వాగు ముందు రోడ్డెక్కుతుందో హైదరాబాద్ నుంచి వచ్చిన పైలట్‌కు తెలియదు. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అంతకుముందు 1986లో 75.6 అడుగులకు చేరింది. వరద రోజు ఫొటో అందరూ తీస్తారు. వేసవిలో అదే చోటు, అదే ఎత్తు, అదే కోణంలో తీసిన ఇంకో ఫొటో పక్కన పెట్టినప్పుడే దానికి విలువ. మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల ఓబీ (తవ్వి పోసిన మట్టి) గుట్టలు, గోదావరి ఇసుక మేటలు, కిన్నెరసాని అభయారణ్యం అంచులు కూడా ఇలా ఏళ్ల తరబడి వెంటాడాల్సినవే.

పోడు సాగు విషయంలో మాత్రం తొందరపడొద్దు. చెట్లు లేని ముక్కను పైనుంచి తీసి 'అడవి నరికివేత' అని పెట్టేయడం తేలిక. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు ఆ భూమిపై హక్కుంటుంది. మీ ఒక్క ఫొటో ఒక కోయ కుటుంబం పట్టాకు ఎసరు పెట్టొచ్చు. ముందు గూడెం పెద్దలతో కూర్చోండి, తర్వాతే డ్రోన్ పెట్టె తెరవండి.

ఇక రూల్స్. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు సంపాదించాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. వయసు 18 నిండి, పదో తరగతి పాసై, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో కోర్సు పూర్తిచేయాలి. హైదరాబాద్‌లోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ అలాంటిదే. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. గ్రీన్ జోన్‌లో సాధారణంగా 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. రెడ్ జోన్ జోలికి పోవద్దు. అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి తప్పదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ప్రాంతం కాబట్టి స్థానిక పోలీసులకు ముందే చెప్పడం తెలివైన పని. విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. బిల్లు లేని చవక బేరాలకు పోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు.

సంపాదన సంగతి దాచకుండా చెప్పాలి. మొదట్లో ఇల్లు గడిపేది పెళ్లి షూటింగులే, నామోషీ పడక్కర్లేదు. నిలకడైన పని సర్వే, మ్యాపింగ్‌లో దొరుకుతుంది. దాని పద్ధతి వేరు: కెమెరా నిట్టనిలువుగా కిందికి, ఒక ఫొటో మీద ఇంకోటి డెబ్బై ఎనభై శాతం పడేలా, నీడలు పొట్టిగా ఉండే మిట్టమధ్యాహ్నం తీయాలి. పత్రికకైతే ఏటవాలు ఎండ పడే పొద్దుటిపూట నయం. రెండూ వచ్చినవాళ్లు తక్కువ. ఫొటోలను కుట్టి మ్యాపు చేసే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, దాన్ని విశ్లేషించే క్యూజీఐఎస్ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ రిమోట్ సెన్సింగ్‌లో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. డిగ్రీయే కావాలంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి.

డ్రోన్ కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ఇస్రో 'భువన్' తెరిచి మీ మండలాన్ని గాలించండి. మార్పు కనిపించిన చోటికి సైకిల్ మీద వెళ్లి, కారణమేమిటో అక్కడి రైతునడిగి తేదీతో సహా రాసుకోండి. రేపు డ్రోన్ చేతికొచ్చాక ఎక్కడికెళ్లి తీయాలో ఆ నోటుబుక్కే చెబుతుంది. ఏ స్వచ్ఛంద సంస్థ దగ్గరికో, పత్రిక ఎడిటర్ దగ్గరికో వెళ్లేటప్పుడు ఫొటోలతో పాటు దాన్నీ పట్టుకెళ్లండి.