కాస్త తగ్గించి పాడమన్నాడు

గాయని సెలీన్ డియాన్ పై స్థాయి అందుకుందంటే ఒళ్లు జలదరిస్తుంది. అంతటి గొంతు దొరికితే ఏ సంగీతకారుడైనా ఏం చేస్తాడు? దాని సత్తా అంతా చూపించే పాటలే కడతాడు. ఫ్రెంచి పాటల రచయిత, నిర్మాత జ్యాఁ జాక్ గోల్డ్‌మన్ మాత్రం, అంత గట్టిగా వద్దు, కాస్త తగ్గించి పాడమన్నాడు.

అలా తయారైందే 1995 నాటి ‘ద్యూ’ ఆల్బమ్. అందులో ‘పూర్ క త్యు మేమ్ ఆంకోర్’ అనే పాట వినండి. ఎత్తుగడలో ఆమె పాడుతున్నట్టే ఉండదు. పక్కన కూర్చుని మెల్లగా మనసులో మాట చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత గొంతు పైకి లేస్తుంది, కానీ అప్పటికే మనం పాటలో మునిగి ఉంటాం. మాటలన్నీ ఫ్రెంచివే అయినా ఆ పాట బ్రిటన్‌లో టాప్ టెన్‌కి చేరింది. ఆల్బమ్ కోటి కాపీల దాకా అమ్ముడైంది. ఫ్రెంచి భాషలో అంతగా అమ్ముడుపోయిన ఆల్బమ్ మరొకటి లేదు.

మనమేం చేస్తాం? మనకు ఏది బాగా వచ్చో దాన్నే అన్నిచోట్లా వాడేస్తాం. ఇంగ్లిష్ ధారాళంగా వచ్చిన కుర్రాడు ఇంటర్వ్యూలో అడిగినదానికి మూడింతలు చెబుతాడు. సబ్జెక్టు మీద గట్టి పట్టున్న లెక్చరర్ తనకు తెలిసిందంతా ఒక్క గంటలోనే కుమ్మరిస్తాడు. తెలివికి లోటు లేదు. వినేవాడికి మాత్రం ఊపిరి పీల్చుకునే సందు దొరకదు.

గోల్డ్‌మన్ ముందు తన విషయంలోనే తగ్గడం నేర్చుకున్నాడు. 1951లో పారిస్‌లో పుట్టి, లీల్ నగరంలో బిజినెస్ చదువు చదివి, మోంరూజ్‌లో తమ కుటుంబం నడిపే స్పోర్ట్స్ షాపులో పని చేశాడు. 1975లో ‘తై ఫాంగ్’ బృందంలో ఉండగా ‘సిస్టర్ జేన్’ అనే పాట హిట్టయింది. సొంత ఆల్బమ్ రావడానికి మాత్రం 1981 దాకా పట్టింది. అప్పటికి ముప్పయ్యేళ్లు నిండబోతున్నాయి. ఆ ఆల్బమ్‌కు ‘పాతబడిపోయినవాడు’ అనే అర్థం వచ్చే పేరు పెడతానన్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు!

తర్వాత పాటలు జనం నోళ్లలో నానాయి. పత్రికల్లో విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. ఆయన జీవితంలో నాకు అన్నింటికన్నా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. 1985లో సొంత డబ్బుతో పత్రికల్లో ప్రకటన వేయించాడు. పొగడ్త ఒక్కటీ లేదు. విమర్శకులు తనను తిట్టిన తిట్లనే వరుసగా అచ్చు వేయించి, ఇన్ని చదివి కూడా కచేరీలకు వచ్చినందుకు ప్రేక్షకులకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఎదురు వాదన ఒక్క ముక్క లేదు. నిజానికి వాదించడం ఎంతో తేలిక. మాటలతో బతికేవాడికి మరీ తేలిక. ఆ మనిషి తనకు బాగా వచ్చిన ఆయుధాన్నే పక్కన పెట్టాడు.

1986లో రాక్ గాయకుడు జానీ హాలిడేకి ‘గాంగ్’ ఆల్బమ్ రాసిచ్చాడు. ఇంకొందరికి మారుపేర్లతో రాశాడు. పాట ఎవరి నోట పలకాలో వాళ్ల ఊపిరికి తగ్గట్టు మాట కుదరాలి. అక్కడ రచయిత తన గొప్ప చూపించుకోబోతే పాట చెడుతుంది. గోల్డ్‌మన్ సొంత ఆల్బమ్‌లలో చివరిది 2001లో, చివరి కచేరీ యాత్ర 2002లో. ఆ తర్వాత సొంత కచేరీ యాత్ర మళ్లీ చేయలేదు. అయినా తమకు ఇష్టమైన వ్యక్తి ఎవరని ఫ్రెంచి ప్రజలను అడిగిన సర్వేల్లో ఏటికేడు ఆయన పేరే ముందు నిలుస్తూ వచ్చింది.

రేపు మీటింగులో మీ వంతు వచ్చినప్పుడు ఒక్కసారి ప్రయత్నించండి. మీకు బాగా వచ్చినదాంట్లో సగమే చెప్పి ఆపండి. మిగతా సగం ఎదుటివాళ్లే అడుగుతారేమో చూడండి.