జీతం ముందే చెప్పాలి

ఉద్యోగ ప్రకటనలో అర్హతలన్నీ ఉంటాయి, జీతం ఉండదు. ఇంటర్వ్యూలో మాత్రం "ఇంతకు ముందు ఎంత ఇచ్చేవారు?" అని అడుగుతారు. పాత జీతం తక్కువైతే కొత్తదీ తక్కువే! ఒకచోట జరిగిన అన్యాయం ఉద్యోగం మారినా వెంటాడుతుంది, స్త్రీలకు మరీను.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2021 జనవరి 1న సమాన వేతన చట్టం అమలులోకి వచ్చింది. ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో తెలపాలి. పాత జీతం అడగరాదు. ఇంటి నుంచి చేసే కొన్ని ఉద్యోగాలకు కొన్ని కంపెనీలు "కొలరాడో వారు అనర్హులు" అని తప్పించుకోజూశాయి. 2023 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు కూడా ప్రకటనల్లో జీతం తెలపాలనడంతో ఆ దారి ఇరుకైంది.

అయినా కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య మరీ దూరముంటే చెప్పీ చెప్పనట్లే. మిత్రులారా! చట్టం అంకె చూపిస్తుంది. అందులో మన చోటేదో మొహమాటపడకుండా అడగడం మన వంతు.